వెయ్యి లీటర్లకు నాలుగు యూనిట్లు

ఇసకపల్లి ఉప్పు కయ్యల గట్టు మీద
చెప్పులు చేతపట్టుకుని నిలబడుండా.
కింద వెంగమ్మక్క
చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి
చెక్క పలకతో ఉప్పు గుంజతా ఉండాది.
గుంజిన ప్రతిసారీ గరగరమని
ఎవరో గాజుపెంకులు నూరుతున్నట్టు.

"యాడ పన్జేశావబ్బయా ఇన్నేళ్లు?"
"కువైట్‌లో అక్కా. సముద్రాన్ని తాగేనీళ్లు చేసే కంపెనీ."
"మరి ఉప్పేం జేస్తారు?"

పన్నెండేళ్లు. మూడు షిఫ్టులు.
ఈ మాట నన్నెవరూ అడగలా.

"మళ్లా సముద్రంలోనే పోస్తాం."
పలక ఆపింది.
వండిన కూడు కాలవలో దొర్లించినానని
చెప్పినట్టు చూసింది.

ఎట్టా చెప్పేది ఆమెకి
కంటికానని బెజ్జాల పొర ఒకటుంటాదని,
నీళ్లు దాని గుండా ఇష్టపడి పోవని,
మెడబట్టి గెంటాలని,
ఆ గెంటుడుకే
వెయ్యి లీటర్లకు నాలుగు యూనిట్ల కరెంటు పడతాదని.
అదన్నా కొత్త ప్లాంటు.
పాతదాంట్లో ఏకంగా సముద్రాన్ని పొయ్యి మీద పెట్టేదే.
చమురు మండించి, మరగబెట్టి, ఆవిరి పట్టి,
చల్లార్చి గొట్టాల్లోకి.
బయట యాభై డిగ్రీలు.
లోపల మేం ఇంకా కాలస్తా ఉంటిమి.

ఆ నీళ్లు యాడికి పోతాయో
ఒకసారి సెలవు రోజున గొట్టం వెంటే పొయ్యి చూశా.
కొన్ని రోడ్డు మధ్య గడ్డికి.
ఎవరూ మేయని గడ్డి. ఒక్క మేకన్నా లేదు.
కొన్ని ఇళ్లకి, మా క్యాంపుకి.
మధ్యాన్నం కుళాయి తిప్పితే చెయ్యి చుర్రుమనేది.
ఆ వేడికి ఏసీ, ఏసీకి కరెంటు,
కరెంటుకి చమురు, చమురు పొగకి ఇంకాస్త వేడి,
వేడికి దాహం.
రాత్రి షిఫ్టులో కాగితం మీద గీసుకుంటా పోతే
గీత మొదలైన చోటికే వచ్చింది.
మడిచి జేబులో పెట్టుకున్నా.
ఉతుకులో పోయింది.

"మాకు ఎండ ఎప్పుడూ బిల్లు పంపలా"
అని వెంగమ్మక్క నవ్వింది.
నవ్వుతానే కళ్లు చికిలించింది.
ఆ కళ్లకి అల్లూరు డాక్టరు
నల్లద్దాలు రాసిచ్చాడంట.
కయ్యలో దిగేటప్పుడు పెట్టుకోదు, గీతలు పడతాయని.
ఆదివారం చర్చికి పెట్టుకుని పోతాది.
అరికాళ్ల సంగతి నేనడగలా.
ఆమె చెప్పలా.

గట్టు మీదుండే సీసా నా చేతికిచ్చింది.
"తాగు. రొయ్యల గుంటలొచ్చినాక
చేతిపంపులో కూడా ఇదే"
అని కాలి బొటనవేలితో ఉప్పు కుప్పని చూపించింది.
క్యాను పదిహేను రూపాయలు.
మొన్న రెండు రోజులు కరెంటు పొయ్యి
ఊళ్లో నీళ్ల ప్లాంటు ఆగిపోతే
పక్కూరి నుంచి ఆటోలో ముప్పైకి తెప్పించుకుందంట.
పొద్దస్తమానం ఉప్పు పండించి
ఉప్పు తీసేసిన నీళ్లు కొనుక్కోవడం.
ఇక్కడికి కనపడదు గానీ
కృష్ణపట్నం దిక్కున ఎక్కడో బొగ్గు మండి
తీగల మీద నడిచి నడిచి
ఈ సీసాలోకి వచ్చిందేమో.

ఒక గుక్క తాగి నోట్లో అట్టే పెట్టుకున్నా.
"రెండొందల ఎనభై" అన్నా.
"ఏందది?"
"నీళ్లలో ఉప్పు. లీటరుకి మిల్లీగ్రాములు."
"నాలిక్కి మీటరు పెట్టిచ్చుకోనొచ్చినాడమ్మా!" అని
పక్క కయ్యలో వాళ్లని కేకేసి మరీ చెప్పింది.

ఎండ నడినెత్తికొచ్చింది.
కాలవ కాడ ఆసామి మనిషి
డీజిలు పోసి ఇంజను తాడు లాగాడు.
మూడోసారికి అందుకుంది.
దగ్గతా, కక్కతా
సముద్రం ఖాళీ కయ్యలో పడతా ఉండాది.
వెంగమ్మక్క పలక మళ్లా పట్టుకుంది.
నా చెవి మాత్రం
ఆ డగడగలో
గేజీ ముల్లు ఎంతకాడుందో
వెతుక్కుంటా పొయ్యింది.